రెండు నెట్ కనెక్షన్లు ఉన్నా స్లో ఎందుకు? ఒక్కో లైన్‌కు లిమిట్ లెక్కగట్టి రౌటర్‌లో సెట్ చేసే పద్ధతి

ఇంట్లోనో షాపులోనో ఒక ఫైబర్ కనెక్షన్, దానికి తోడు బ్యాకప్‌గా ఒక 5జీ కనెక్షన్ పెట్టుకునే వాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రెండు వైర్లూ ఒక డ్యూయల్ వ్యాన్ రౌటర్‌కు గుచ్చేస్తే పని అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ నమ్మకం వల్ల ఓ అమ్మాయి ఇంజినీరింగ్ సీటుకే ఎసరు పెట్టబోయాను. అందుకే ఈ ఆర్టికల్‌లో ఏ రౌటర్ కొనాలన్నది కాకుండా, కొన్నాక దానికి ఏ నంబర్లు చెప్పాలన్నది స్టెప్ బై స్టెప్ రాస్తున్నాను.

అసలు ఏం జరిగిందంటే

జనగామలో మా బావకు నెట్ సెంటర్ ఉంది. 16 కంప్యూటర్లు, 4 సీసీ కెమెరాలు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ ఒకటి, 100 ఎంబీపీఎస్ 5జీ లైన్ ఒకటి. రెండూ వేర్వేరు కంపెనీలవి. రౌటర్ టీపీ-లింక్ ఈఆర్605. సెటప్ చేసింది నేనే.

పోయిన జులైలో ఎప్‌సెట్ కౌన్సెలింగ్ నడుస్తోంది. వెబ్ ఆప్షన్లకు చివరి రోజు. సెంటర్ కిక్కిరిసి ఉంది. ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి ఊరి నుంచి వచ్చింది. కాలేజీల కోడ్లన్నీ తెల్లకాగితం మీద వరసగా రాసుకొచ్చింది. పది ఆప్షన్లు పెట్టేసరికి పేజీ ఆగిపోతోంది, లేదంటే మళ్లీ లాగిన్ అవ్వమంటోంది. పక్క కంప్యూటర్‌లో మాత్రం అదే వెబ్‌సైట్ చక్కగా నడుస్తోంది. అంటే తప్పు వెబ్‌సైట్‌ది కాదు.

బావ నాకు ఫోన్ చేశాడు. "ఏంరా బామ్మర్ది, రెండు లైన్లు పెట్టించినవ్ గదా, రెండూ ఒక్కసారే సచ్చినయా?"

నేను వెళ్లి చూస్తే రెండూ బతికే ఉన్నాయి. రౌటర్‌లో రెండు లైన్లకూ పచ్చ లైటే. అదే అసలు సమస్య.

5జీ ప్లాన్‌లో నెలకు 1000 జీబీ లిమిట్ ఉంది. నెలాఖరుకు ఇంకో వారం ఉండగానే అది అయిపోయింది. లిమిట్ దాటాక ఆ ప్లాన్‌లో స్పీడ్ 2 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. కానీ లైన్ కట్ కాలేదు. రౌటర్ పింగ్ చేస్తే జవాబు వస్తోంది. కాబట్టి రౌటర్ లెక్కలో ఆ లైన్ ఆరోగ్యంగా ఉన్నట్టే! వచ్చిన కస్టమర్లలో సగం ట్రాఫిక్‌ను ఆ 2 ఎంబీపీఎస్ సందులోకే తోస్తూ పోయింది.

ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట ఇదే: ఫెయిలోవర్ అనేది చచ్చిన లైన్‌ను పట్టుకుంటుంది, నీరసించిన లైన్‌ను పట్టుకోదు. నీరసం రాకుండా చూసుకోవాల్సింది మనమే. దానికి లెక్క కావాలి.

స్టెప్ 1: ప్రతి లైన్‌కు మూడు నంబర్లు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఒక్కో కనెక్షన్‌కు ఈ మూడూ రాయండి.

1. ప్లాన్ స్పీడ్: కంపెనీ అమ్మిన నంబర్. ఇది గరిష్ఠం మాత్రమే, హామీ కాదు. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో "వరకు" అనే చిన్న మాట ఒకటి ఉంటుంది, అది చూడండి.
2. నిజమైన స్పీడ్: రద్దీ టైంలో మీకు దక్కే నంబర్. మూడు రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 8 గంటలకు స్పీడ్ టెస్ట్ చేయండి. కంప్యూటర్‌ను కేబుల్‌తో కలిపి, ఒక్కో లైన్‌ను విడిగా టెస్ట్ చేయాలి. సగటు వద్దు, వచ్చిన వాటిలో అతి తక్కువ నంబరే తీసుకోండి.
3. నెల కోటా: లిమిట్ ఎన్ని జీబీ, దాటితే స్పీడ్ ఎంతకు పడుతుంది. చాలా "అన్‌లిమిటెడ్" ప్లాన్లలోనూ ఇది ఉంటుంది. అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుందా అన్నది కూడా చూడండి. మా రెండు ప్లాన్లలోనూ వస్తుంది.

బావ సెంటర్‌లో వచ్చిన నంబర్లు ఇవి:

- ఫైబర్: ప్లాన్ 200. నిజంగా దక్కేది డౌన్‌లోడ్ 150, అప్‌లోడ్ 140. కోటా 3300 జీబీ.
- 5జీ: ప్లాన్ 100. నిజంగా దక్కేది డౌన్‌లోడ్ 60, అప్‌లోడ్ 10. కోటా 1000 జీబీ.

స్టెప్ 2: కోటాను స్పీడ్‌లోకి మార్చండి

ఎక్కువమంది చేయని లెక్క ఇది. కానీ ఇదొక్కటి చేస్తే సగం విషయం అర్థమైపోతుంది.

100 ఎంబీపీఎస్ లైన్‌ను 30 రోజులు ఆపకుండా వాడితే సుమారు 32,400 జీబీ అవుతుంది. మరి 3300 జీబీ కోటా అంటే? రాత్రీ పగలూ సగటున 10 ఎంబీపీఎస్ వాడినంత. 1000 జీబీ అంటే సగటున 3 ఎంబీపీఎస్ మాత్రమే!

అంటే మీరు కొన్నది 100 ఎంబీపీఎస్ లైన్ కాదు. అప్పుడప్పుడు 100 దాకా పరుగెత్తగల 3 ఎంబీపీఎస్ లైన్ అనుకోండి. వాడకంలో తేడా ఎక్కడొస్తుందో వెంటనే కనిపిస్తుంది.

రోజుల్లో చెప్పాలంటే ఇంకా తేలిక: 5జీకి రోజుకు 33 జీబీ, ఫైబర్‌కు రోజుకు 110 జీబీ. ఇదే మీ రోజువారీ బడ్జెట్.

ఇప్పుడు దొంగను పట్టుకుందాం. మా 4 కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున 24 గంటలూ క్లౌడ్‌కు వీడియో పంపుతున్నాయి. 2 ఎంబీపీఎస్ అంటే చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ అది రోజుకు 21.6 జీబీ. వాటిలో రెండు కెమెరాలు 5జీ లైన్ మీద పడ్డాయి. రోజుకు 43 జీబీ, 22 రోజులకు 950 జీబీ. మిగతాది కస్టమర్ల వాడకం. కోటా ఎక్కడికి పోయిందో తేలిపోయింది. పిల్లలు గేములు ఆడి నెట్ తినేస్తున్నారని బావ నెలంతా వాళ్లమీద అరిచాడు, పాపం!

స్టెప్ 3: రౌటర్‌కు అసలు నిజం చెప్పండి

ఈఆర్605లో ప్రతి వ్యాన్ సెట్టింగ్‌లో అప్‌స్ట్రీమ్ బ్యాండ్‌విడ్త్, డౌన్‌స్ట్రీమ్ బ్యాండ్‌విడ్త్ అని రెండు గడులు ఉంటాయి. వాటిలో మొదటి నుంచీ 10,00,000 కేబీపీఎస్, అంటే 1 జీబీపీఎస్ అని ఉంటుంది. నేను ముట్టుకోకుండా వదిలేశాను. దాంతో రౌటర్‌కు రెండు లైన్లూ సమానమే అయిపోయాయి, ట్రాఫిక్‌ను సగం సగం పంచేసింది.

ఇక్కడ రాయాల్సింది ప్లాన్ స్పీడ్ కాదు, మీరు కొలిచిన అతి తక్కువ స్పీడ్‌లో 90 శాతం.

- ఫైబర్: డౌన్ 1,35,000 కేబీపీఎస్, అప్ 1,26,000 కేబీపీఎస్.
- 5జీ: డౌన్ 54,000 కేబీపీఎస్, అప్ 9,000 కేబీపీఎస్.

ఆ 10 శాతం ఎందుకు వదలాలి? లైన్ నిండా కుక్కితే డేటా కంపెనీ వాళ్ల పరికరంలోనో మన మోడెమ్‌లోనో క్యూ కడుతుంది. అప్పుడు స్పీడ్ టెస్ట్‌లో నంబర్ బాగానే ఉంటుంది గానీ, వీడియో కాల్ మాత్రం తడబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ వాడేవాళ్లు ఎస్‌క్యూఎం ఆన్ చేసి కేక్ అనే క్యూ పెట్టుకుంటే దీనికి ఇంకా మంచి మందు. అందులో కూడా ఇలా కొలిచిన నంబరే ఇవ్వాలి.

స్టెప్ 4: రెండు లైన్లనూ కలపాలా, ఒకదాన్ని దాచుకోవాలా?

లోడ్ బ్యాలెన్సింగ్ అంటే 200, 100 కలిపి 300 అవుతుందని చాలామంది భ్రమ. అవ్వదు. ఒక్కో సెషన్ ఒక్కో లైన్ మీద వెళ్తుంది. 16 మంది కూర్చుంటే లాభం ఉంటుంది, ఒక్కరు ఒక సినిమా డౌన్‌లోడ్ చేస్తే మామూలుగా ఒక లైన్ స్పీడే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. స్పీడ్ నిష్పత్తిలో పంచితే 135కు 54, అంటే 2.5కు 1. కానీ కోటా నిష్పత్తి 3.3కు 1. రెండూ ఒకటి కాదు. కాబట్టి స్పీడ్ ప్రకారం పంచినా ముందు ఖాళీ అయ్యేది 5జీ కోటానే. ఫైబర్‌లో 2500 జీబీ వాడేసరికి అక్కడ 1000 అయిపోతుంది.

అందుకే నేను ఇలా తేల్చాను. మామూలు రోజుల్లో ఫైబర్ ఒక్కటే పనిచేస్తుంది, 5జీ లింక్ బ్యాకప్‌లో ఫెయిలోవర్ మోడ్‌లో ఉంటుంది. ఫీజులు, అప్లికేషన్లు, ఆప్షన్ల చివరి తేదీలు వచ్చినప్పుడు మాత్రం రెండింటినీ లోడ్ బ్యాలెన్సింగ్‌లోకి తెచ్చి, "బ్యాండ్‌విడ్త్ బేస్డ్ బ్యాలెన్స్ రౌటింగ్" టిక్ పెడతాం. కోటా దాచుకున్నది ఆ రోజుల కోసమే.

రెండూ కలిపినప్పుడు "అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్" టిక్ తప్పకుండా ఉండాలి. ఒక కంప్యూటర్ ఒక సర్వర్‌తో మాట్లాడటం మొదలుపెడితే చివరిదాకా అదే లైన్ మీద ఉంచేది ఇదే. స్పీడ్ పెరుగుతుందేమోనని నేను ఆ టిక్ తీసేశాను. ఒకే లాగిన్ రెండు వేర్వేరు ఐపీ అడ్రస్‌ల నుంచి వస్తుంటే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు అనుమానించి బయటికి తోసేయడం మామూలే. ఆ అమ్మాయిని మాటిమాటికీ లాగిన్ అవ్వమన్నది అందుకే.

స్టెప్ 5: పెద్ద తిండిపోతుకు గోడ కట్టండి

కెమెరాలను ఇలా దారిలో పెట్టాను:

1. అడ్రస్ రిజర్వేషన్‌లో నాలుగు కెమెరాలకూ స్థిరమైన ఐపీలు ఇచ్చాను, 192.168.0.51 నుంచి 54 వరకు. వాటిని ఒక ఐపీ గ్రూపుగా చేశాను.
2. పాలసీ రౌటింగ్‌లో ఆ గ్రూపు ఫైబర్ మీదే వెళ్లాలని రూల్ రాసి, మోడ్‌ను "ఓన్లీ" అని పెట్టాను. "ప్రయారిటీ" అని పెడితే ఫైబర్ పోయినప్పుడు కెమెరాలు 5జీ మీదకు ఎక్కేస్తాయి. మనకు అదే వద్దు.
3. కెమెరా యాప్‌లో బిట్‌రేట్‌ను 1 ఎంబీపీఎస్‌కు తగ్గించి, క్లౌడ్‌కు కదలిక ఉన్నప్పుడే పంపేలా మార్చాను. పూర్తి రికార్డింగ్ షాపులోని హార్డ్ డిస్క్‌లోకి పోతుంది.
4. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌లో ఆ గ్రూపు మొత్తానికి అప్‌స్ట్రీమ్ 5000 కేబీపీఎస్ అని షేర్డ్ మోడ్‌లో గరిష్ఠం పెట్టాను.

మూడో స్టెప్ ఎందుకంటారా? పాత లెక్కన నాలుగు కెమెరాలనూ ఫైబర్ మీదకు తోస్తే నెలకు 2592 జీబీ. 3300లో కస్టమర్లకు మిగిలేది 700 మాత్రమే. రోగం ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మారినట్టయ్యేది. ఇప్పుడు ఎంత చెడ్డగా చూసినా గోడ 5 ఎంబీపీఎస్ దగ్గరే, అంటే నెలకు 1620 జీబీ. కస్టమర్లకు ఖాయంగా 1680 జీబీ, రోజుకు 56 జీబీ మిగులుతుంది.

స్టెప్ 6: సీటుకు ఎంత హామీ?

ఇక్కడ రెండు మాటలు వేరు చేసి చూడాలి. హామీ అంటే ఎంత రద్దీ ఉన్నా దక్కే కనీసం. పరిమితి అంటే ఖాళీ ఉన్నా దాటనివ్వని గరిష్ఠం.

మైక్రోటిక్ రౌటర్లలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి: లిమిట్-యాట్ హామీ, మ్యాక్స్-లిమిట్ పరిమితి. రూల్ ఒక్కటే, హామీల మొత్తం లైన్‌ను దాటకూడదు. 135 ఎంబీపీఎస్ లైన్‌లో 16 సీట్లకు 6 చొప్పున హామీ ఇస్తే 96. సరిపోతుంది. 10 చొప్పున ఇస్తే 160 అవుతుంది. అంటే ఉన్న పొలం కన్నా ఎక్కువ రాసిచ్చినట్టే, గొడవ ఖాయం.

ఈఆర్605లో నేను వాడింది గరిష్ఠం పెట్టే రూల్ ఒక్కటే. అయినా దానితోనే హామీ రాబట్టొచ్చు. అందరినీ 8 దగ్గర ఆపితే 16 గుణించు 8, మొత్తం 128. 135లోపే ఉంది కాబట్టి ఎవరి 8 వాళ్లకు దక్కుతుంది. మేం చివరి తేదీల్లో సీటుకు 8,000 కేబీపీఎస్, మామూలు రోజుల్లో 20,000 కేబీపీఎస్ అని ఇండివిడ్యువల్ మోడ్‌లో పెడుతున్నాం. పైగా లైన్ వాడకం 80 శాతం దాటినప్పుడే కంట్రోల్ మొదలవ్వాలనే టిక్ ఉంటుంది, మామూలు రోజుల్లో అది పెట్టుకుంటే ఖాళీ టైంలో ఎవరికీ అడ్డు ఉండదు. ఫారం నింపడానికి 8 ఎంబీపీఎస్ ఎక్కువే. కావాల్సింది స్పీడ్ కన్నా నిలకడ.

పెద్ద ఆఫీసులైతే లెక్క వేరు

డేటా సెంటర్లు, పెద్ద సంస్థల కనెక్షన్లలో కోటా బదులు "కమిట్" ఉంటుంది. ఉదాహరణకు పోర్టు 1 జీబీపీఎస్, కమిట్ 100 ఎంబీపీఎస్. వాడినా వాడకపోయినా 100కు డబ్బు కట్టాలి. దాటితే దాటినదానికి అదనం.

దాటడాన్ని సాధారణంగా 95వ పర్సంటైల్ పద్ధతిలో కొలుస్తారు. ప్రతి 5 నిమిషాలకు ఒక రీడింగ్ తీస్తారు. 30 రోజులకు 8640 రీడింగులు. వాటిని పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చి, పైన ఉన్న 5 శాతం, అంటే 432 రీడింగులు తీసేస్తారు. ఆ తర్వాత మిగిలిన మొదటి నంబరే మీ బిల్లు. 432 రీడింగులంటే 36 గంటలు. నెలలో 36 గంటలు మీరు ఎంత పైకి ఎగిరినా బిల్లులో కనిపించదు. 37వ గంట నుంచే అసలు బాదుడు.

ఇద్దరు ప్రొవైడర్లు ఉంటే ఒక్కొక్కరి దగ్గరా విడిగా 36 గంటలు ఉంటాయి. కాబట్టి మామూలు టైంలో ప్రతి లైన్‌నూ కమిట్ లోపు ఉంచి, బ్యాకప్‌లు, పెద్ద అప్‌డేట్‌లు ఒకే లైన్ మీద అర్ధరాత్రి పెట్టుకోవడం తెలివైన పని. ఒక లైన్ తెగి రెండోది మొత్తం మోస్తున్నప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి. రెండు రోజులు తెగితే 48 గంటలు, ఉచిత 36 దాటిపోతుంది. బిల్లు చూసి ఉలిక్కిపడేది అప్పుడే. సంతకం పెట్టే ముందు అగ్రిమెంట్‌లో ఏ పద్ధతో అడిగి రాయించుకోండి.

స్టెప్ 7: పరీక్ష పెట్టకుండా వదలొద్దు

- ఒక మధ్యాహ్నం ఫైబర్ కేబుల్ పీకేయండి. ఎన్ని సెకన్లలో 5జీ మీదకు మారిందో చూడండి. నడుస్తున్న వీడియో కాల్ తెగి మళ్లీ కలుస్తుంది, అది సహజం.
- ఆన్‌లైన్ డిటెక్షన్‌లో పింగ్‌తో పాటు డీఎన్‌ఎస్ లుకప్ కూడా ఇవ్వండి. మోడెమ్ వెలిగి ఉండి బయట నెట్ లేని సందర్భాలు దొరుకుతాయి.
- నెలలో 10, 20, 25 తేదీల్లో రెండు కంపెనీల యాప్‌లు తెరిచి వాడకం చూడండి. 10వ తేదీకి ఫైబర్ 1100 జీబీ, 5జీ 333 జీబీ దాటితే ఎక్కడో లీకు ఉన్నట్టే. నీరసించిన లైన్‌ను రౌటర్ పట్టుకోదని చెప్పాను కదా, ఆ పని ఈ మూడు తేదీలదే.
- రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే అవి రెండు లైన్లు కావు, ఒక్కటే. ఒకటి ఫైబర్, ఒకటి గాలి మీద వచ్చేది ఉండటం మంచిది.
- రౌటర్‌తో పాటు ఫైబర్ మోడెమ్‌కూ 5జీ పరికరానికీ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోతే మూడింట్లో ఏది ఆరినా లాభం లేదు.

చివరిగా

ఆ రోజు ఆ అమ్మాయి పని ఎలా అయిందో చెప్పలేదు కదూ. 5జీ వైరు పీకి, ఆమె కూర్చున్న కంప్యూటర్‌ను నా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపాను. కాగితం మీది ఆప్షన్లు వాళ్ల నాన్న ఒక్కొక్కటిగా చదువుతుంటే ఆమె మొదటి నుంచి మళ్లీ ఎక్కించింది. ఫ్రీజ్ అయ్యి ప్రింటవుట్ చేతికొచ్చాక ఆయన డబ్బులు ఇవ్వబోతే బావ తీసుకోలేదు. నాకు మాత్రం ఆయన ముఖం చూడటానికి మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం నా ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే ఏమయ్యేది?

ఆ రాత్రే కూర్చుని పైన రాసిన లెక్కలన్నీ కట్టాను. రెండో విడత కౌన్సెలింగ్ చివరి రోజు కూడా అంతే జనం వచ్చారు, కానీ ఎవరూ లేచి "నెట్ పోయింది" అనలేదు. కొత్త లైన్ కొనలేదు, ప్లాన్ మార్చలేదు. రౌటర్‌లో కొన్ని నంబర్లు, రెండు టిక్‌లు, కెమెరాలకు ఒక గోడ. అంతే.

మీ దగ్గర రెండు కనెక్షన్లు ఉంటే ఈ రోజే రౌటర్ పేజీ తెరిచి, వ్యాన్ బ్యాండ్‌విడ్త్ గడుల్లో ఏముందో చూడండి. అక్కడ ఇంకా 10,00,000 అనే ఉంటే, స్టెప్ 1 నుంచి మొదలుపెట్టండి.